మూడు పేర్ల కుక్కపిల్ల

ఎర్సీలియాను నేను వదినా అని పిలుస్తాను. నిజానికి ఆమె నాకు వదిన కాదు, నలభై ఏళ్ల కిందట కావలసింది. మా అన్నయ్య ఆమెను చేసుకుంటానని వాళ్లింటికి వెళ్లి, గొర్రెల్ని అమ్మేసి మా బేకరీలో దర్జాగా కూర్చోవచ్చు కదా అన్నాడట. "నీకు పాలు పితకడం వచ్చా?" అని అడిగిందట ఈవిడ. రాదన్నాడు. "అయితే బేకరీలో నువ్వే కూర్చో" అని లేచి తలుపు తీసి పట్టుకుందట. మా అన్నయ్య ఆ తర్వాత పెస్కారా పట్నంలో ఒక టీచరమ్మను చేసుకుని ఒళ్లు చేశాడు. బేకరీలో నేను కూర్చున్నాను. పిలుపు మాత్రం నాకు మిగిలిపోయింది. ఆమెకు ఒళ్లు మండినప్పుడు ఇంకాస్త సాగదీసి పిలుస్తాను.

మా కొండ ఊరు పియెత్రఫ్రెద్దలో ఇప్పుడు పొయ్యి వెలిగే ఇళ్లు నలభై కూడా లేవు. ఉన్న ఒక్క మందా ఆమెదే, నూట ఇరవై గొర్రెలు. పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న (దొనాతో ఆయన పేరు) మంచులో జారి కాలు విరగ్గొట్టుకుంటే, ఆయన కర్ర తీసుకుని మందతో కొండెక్కిన పిల్ల మళ్లీ ఆ కర్ర కింద పెట్టలేదు. ఇప్పుడు అరవై ఒకటి. తమ్ముడు నున్జియో మైదానంలో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చి జున్ను చేస్తున్నాడు. కుర్రతనంలో సైన్యంలో కార్పొరల్‌గా ఏడాది చేశాడు. అది వదిలి ముప్పై ఐదేళ్లయినా మంచం మీద దుప్పటి ఇంకా మూలలు కలిపి మడుస్తాడు. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు. ఇద్దరూ రోజంతా పోట్లాడుకుంటారు, చెరొక గదిలోంచి.

ఆ ఇంట్లో దొనాతో చచ్చిపోయి ఇరవై ఏళ్లయినా ఆయన పెట్టిన నియమాలు బతికే ఉన్నాయి. అందులో కుక్కల గురించినవి మరీ గట్టివి. మా కొండల్లో మందను కాసే తెల్లకుక్క ఇంటి కుక్క కాదు, గొర్రెల కుక్క. రెండు నెలల పిల్లప్పుడే దొడ్డిలో వదలాలి. గొర్రెల పక్కనే తినాలి, గొర్రెల మధ్యే పడుకోవాలి. ఒళ్లోకి తీసుకోకూడదు, తల నిమరకూడదు, మొదటి చలికాలం గడిచేదాకా పేరు పెట్టకూడదు. పేరు పెడితే పిలుస్తాం, పిలిస్తే వస్తుంది, వచ్చిందంటే మందను వదిలేసినట్టే కదా అనేవాడు దొనాతో. మా ఊళ్లో ఎవరూ దాన్ని తప్పుపట్టలేదు. మనుషులకు అలవాటు పడ్డ కుక్క పొద్దుగూకగానే గుమ్మం వైపు చూస్తుంది. తోడేలు గుమ్మం వైపు నుంచి రాదు.

వాళ్ల తెల్లకుక్క రెజీనా ఆ నియమాల్లోనే పుట్టి పెరిగింది. పదకొండేళ్లు మందను కాసింది. మెడకు ఇనుప ముళ్ల పట్టీ వేసుకుని మంద ముందు నడుస్తుంటే మా చర్చి ఫాదర్ కూడా దారి ఇచ్చేవాడు. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వంటింటి గుమ్మం తొక్కలేదు. రోజూ సాయంత్రం గొర్రెలన్నీ దొడ్డిలోకి వెళ్లాక మాత్రం పెరటి మధ్యదాకా వచ్చి నిలబడేది. గుమ్మంలో ఉన్న ఎర్సీలియా వైపు కాసేపు చూసి, వెనక్కి తిరిగి దొడ్డిలోకి వెళ్లిపోయేది. తిండికోసమేమో అని ఒకసారి రొట్టెముక్క విసిరాను నేను. వాసన కూడా చూడలేదు. నాకు చిన్నతనం అనిపించింది కూడా, మా రొట్టెకు పక్క లోయలోంచి వస్తారు జనం.

పోయిన ఫిబ్రవరిలో దానికి మూత్రపిండాలు పాడయ్యాయి. వైద్యుడు వచ్చి, వయసైపోయిందమ్మా అని చెప్పి వెళ్లాడు. నేను సూపు గిన్నె పట్టుకుని వెళ్లేసరికి ఎర్సీలియా దొడ్డిలో గడ్డి మీద కూర్చుని ఉంది. రెజీనా తల ఆమె ఒళ్లో ఉంది. గొర్రెలు చుట్టూ నిలబడి నెమరేస్తున్నాయి.

"అసుంతా," అంది తల ఎత్తకుండానే, "దీని చెవుల వెనక ఇంత మెత్తగా ఉంటుందని నాకు ఇవాళే తెలిసిందే."

నా నోటికి ఎప్పుడూ మాట తక్కువ కాలేదు. ఆరోజు మాత్రం సూపు గిన్నె కింద పెట్టి, ఆమె పక్కనే ఆ గడ్డిలో కూర్చుని ఏడ్చాను.

రెజీనాకు తోడుగా ఉన్న ముసలి కుక్క అంతకు రెండేళ్ల ముందే పోయింది. ఇంకొకటి తెద్దాం, తెద్దాం అనుకుంటూనే గడిపేశారు. ఇప్పుడు మందకు కాపలా అంటూ లేదు. మార్చిలో ఒక పొగమంచు పొద్దున మూడు గొర్రెల్ని తోడేళ్లు తీసుకుపోయాయి. నున్జియో రెండు రోజులు దొడ్డి చుట్టూ తిరిగాడు. మూడోరోజు నా బేకరీలో, నేను వింటుండగానే అడిగేశాడు.

"మందను అమ్మేద్దాం అక్కా. ఇక మనవల్ల కాదు."

"అమ్మి ఏం చేస్తావ్? నాకు చెమ్చాతో సూపు తాగిస్తావా?"

"అయితే కుక్కను తెద్దాం."

"కుక్క వద్దు."

"కుక్క వద్దు, అమ్మొద్దు. మరి తోడేళ్లకి నువ్వెళ్లి నచ్చజెప్పు."

"ఇంకో కుక్కను తెచ్చి, దాన్నీ ముట్టుకోకుండా పెంచి, అదీ చచ్చిపోతే అప్పుడు ఒళ్లో పెట్టుకుని ఏడవాలా? వద్దు." చుట్టిచ్చిన రొట్టె గల్లాబల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

వాళ్లిద్దరికీ వదిలేస్తే ఆ మంద కసాయి లారీ ఎక్కేదాకా అలాగే పోట్లాడుకుంటూ ఉంటారు. అందుకని నేనే లోయ అవతల ఉన్న పాన్ఫిలో మామకు ఫోను చేశాను. ఎనభై ఏళ్ల మనిషి. ఆయన దగ్గరి తెల్లకుక్కల కోసం దూరదూరాల నుంచి వస్తారు. ఆయన అమ్మడు, ఇస్తాడు. ఇవ్వాలనిపించకపోతే నెత్తిన కిరీటం పెట్టుకుని వచ్చినా ఇవ్వడు.

మేలో ఒక ఆదివారం టమాటాల అట్టపెట్టెలో కుక్కపిల్లను పెట్టుకుని దిగాడు. ఎర్సీలియా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాను. పాన్ఫిలో మామ పెట్టెను పెరట్లో పక్కకు వంచాడు. తెల్లగా, గుండ్రంగా, కాళ్లు ఎటు పడితే అటు వేసుకుంటూ ఒక పిల్ల బయటకు దొర్లింది. లేచి నిలబడి మా నలుగుర్నీ చూసింది. నేరుగా ఎర్సీలియా దగ్గరకు వెళ్లి ఆమె బూటు మీద ఒంటికి పోసింది.

"సిగ్గులేని వెధవ," అంది ఎర్సీలియా. ఫిబ్రవరి తర్వాత ఆమె గొంతులో నవ్వు వినడం అదే.

పాన్ఫిలో మామ నవ్వలేదు. "చూడమ్మా, మీ నాన్న కుక్కల్ని నేనెరుగుదును కాబట్టి ఇస్తున్నా. ఇక్కడ వీడికి నేర్పడానికి పెద్దకుక్క లేదు. ఉన్నది గొర్రెలూ, మీరూ. మీరు గారం చేశారో, వీడు మీవాడైపోతాడు. అలాంటోణ్ణి తోడేళ్ల మీదికి పంపితే వీడూ చస్తాడు, మందా పోతుంది. నవంబర్లో సెయింట్ మార్టిన్ పండగ రోజు వస్తా. మందతో ఉంటే మీ కుక్క. మనుషుల వెనక తిరుగుతుంటే తీసుకుపోయి మా చెల్లెలి కోళ్లఫారంలో పడేస్తా. అర్థమైందా?"

"నియమాలు మాకు తెలుసు మామా," అన్నాడు నున్జియో, ఛాతీ విరుచుకుని.

తెలుసు. ఆ మాట నిజమే. పిల్లను దొడ్డిలో వదిలారు. నున్జియో చెక్కముక్క మీద బొగ్గుతో "ముట్టుకోరాదు" అని రాసి దొడ్డి గేటుకు వేలాడదీశాడు. వచ్చేపోయేవాళ్లు లేని ఇంట్లో ఆ బోర్డు ఎవరికోసమో నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది. ఎర్సీలియా తమ్ముడి మీద ఓ కన్ను వేసి ఉంచమని నాకు చెప్పింది. నున్జియో అక్క మీద ఓ కన్ను వేసి ఉంచమని నాకు చెప్పాడు. ఇద్దరికీ సరేనన్నాను.

నా సంగతి కూడా చెప్పుకోవాలి కదా. దొడ్డి వెనక గోడకు కింద ఒక కంత ఉంది. అక్కణ్ణుంచి మా బేకరీ పెరటి తలుపుకు యాభై అడుగులు ఉండదు. జూన్ మొదటి వారంలో ఓ మధ్యాహ్నం ఆ తలుపు దగ్గర ఓ తెల్లముఖం కనిపించింది. విరిగిన బిస్కెట్లు ఉన్నాయి, పారేసేవే. ఒకటి పెట్టాను. మర్నాడు ఇంకొకటి. ఒక్క బిస్కెట్‌తో ఏ నియమం విరుగుతుందిలే అనుకున్నాను. విరిగిన బిస్కెట్లు చాలనప్పుడు మంచివే విరిచాను.

జూన్ చివర గొర్రెలకు ఉన్ని కత్తిరించే రోజు వచ్చింది. మా దగ్గర ఆ రోజు చేతనైనవాళ్లంతా వచ్చి సాయం చేస్తారు. పాన్ఫిలో మామ కత్తెర పట్టాడంటే ఉన్ని కోటు విప్పినట్టు ఊడొస్తుంది. ఆయన పెరటి మధ్యలో పని చేస్తున్నాడు, మేం ముగ్గురం తలో పక్కా గొర్రెల్ని అందిస్తున్నాం. నాలుగు నెలల కుక్కపిల్ల మందలో ఉండాల్సింది పోయి మా కాళ్ల మధ్య తిరుగుతోంది. పాన్ఫిలో మామ ఓరకంట చూస్తూనే కత్తెర ఆడిస్తున్నాడు.

ఇంతలో కట్టు తెంచుకున్న పొట్టేలు ఒకటి తల వంచి నేరుగా పిల్ల మీదికి ఉరికింది. పిల్లకు వెనక ఏం వస్తోందో తెలీదు, ఉన్ని ముక్కతో ఆడుకుంటోంది. ముగ్గురం ఒకేసారి గొంతు చించుకున్నాం.

"మీనో!" అని ఎర్సీలియా.

"కపొరాలె!" అని నున్జియో.

"బిస్కోత్తో!" అని నేను.

పిల్ల గబుక్కున పక్కకు దూకింది. పొట్టేలు వెళ్లి గోడకు గుద్దుకుంది. తర్వాత ఆ పిల్ల మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. మూడు పేర్లూ తనవే, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలీడంలేదు. తోక మాత్రం ముగ్గురికీ కలిపి ఊపింది.

పెరట్లో కత్తెర చప్పుడు ఆగిపోయింది. నున్జియో ముఖం అప్పుడే ఉతికిన ఉన్నిలా తెల్లబడింది. ఎర్సీలియా తమ్ముణ్ణి చూసింది. "నువ్వా? బోర్డు రాసి పెట్టినవాడివి నువ్వా?"

"పొద్దున్నే జున్ను చేసేటప్పుడు కొంచెం తేట తాగించేవాణ్ణి," అన్నాడు నున్జియో నేల చూస్తూ. "కార్పొరల్ కదా, కపొరాలె అంటే సెల్యూట్ కొట్టినట్టు ముందుకాలు ఎత్తుతాడు అక్కా."

"నాకెందుకు ఎత్తలేదు?"

"నువ్వు మీనో అన్నావు కదా."

ఇంకోచోటైతే పడిపడి నవ్వేదాన్ని. పాన్ఫిలో మామ కత్తెర తుడిచి కింద పెట్టాడు. "అట్టపెట్టె ఉందా, పారేశారా?"

అప్పుడు ఎర్సీలియా మాట్లాడింది. నలభై ఏళ్లలో ఆమె ఎవర్నయినా బతిమాలడం నేను చూడలేదు.

"రెజీనాని పదకొండేళ్లు ముట్టుకోలేదు మామా. నాన్న చెప్పాడని. చచ్చిపోయే పూట ముట్టుకున్నా, అప్పటికి దానికి తెలుస్తోందో లేదో. వీణ్ణయినా ముందే దగ్గరకు తీసుకుందామనుకున్నా. అదే చేశా. తప్పు నాది, వాడిది కాదు."

పాన్ఫిలో మామ ఆమె వైపు తిరిగాడు. "ముట్టుకోమని రెజీనా నిన్ను ఎప్పుడైనా అడిగిందా?"

ఎర్సీలియా వంగి కిందపడ్డ ఉన్ని ఏరసాగింది.

"నవంబరు అన్నావు," అన్నాను నేను. నా బిస్కెట్ల పాపం నన్ను కాలుస్తోంది. "ఇంకా జూనే. అన్న మాట మీద ఉండు మామా."

"నువ్వు మాట్లాడకు. నీ పేరు బిస్కోత్తో అని పెట్టాలి," అన్నాడు. కానీ పెట్టె అడగలేదు. "నవంబరు దాకానే. ఇప్పుడు వీడి ముందు మీరు ముగ్గురూ చచ్చినవాళ్లతో సమానం. ముసలి గొర్రె ఏదన్నా ఉందా, కోపిష్ఠిది?"

ఉంది. దాన్ని మేం పెద్దమ్మ అంటాం. మఠంలో పెద్ద సన్యాసిని లాగా నిటారుగా నడుస్తుంది, ఎదురొచ్చినవాళ్లను తలతో కుమ్ముతుంది. గొర్రెలకు పేర్లు పెట్టకూడదని దొనాతో చెప్పలేదు. పాన్ఫిలో మామ చెప్పినట్టు పెద్దమ్మనూ, ఆరు గొర్రెపిల్లల్నీ, కుక్కనూ కలిపి వేరే చిన్న దొడ్డిలో పెట్టారు. నున్జియో కంత మూసి, దాని ముందు రాయి కూడా దొర్లించాడు. తిండి గొర్రెల తొట్టి పక్కనే పెట్టి, మాట్లాడకుండా, చూడకుండా వెనక్కి వచ్చేయడం. అంతే.

చెప్పడానికి అంతే గానీ, వాడు ఏడ్చేవాడు. సాయంత్రమైతే చాలు, గేటు సందులో మూతి పెట్టి మూడిళ్లకు వినపడేలా ఏడ్చేవాడు. నేను రేడియో పెద్దగా పెట్టుకునేదాన్ని. ఓరోజు జున్ను గదిలోకి వెళితే నున్జియో కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ అన్నాడు. పొయ్యి వెలిగించలేదు.

ఎర్సీలియా ఇంట్లో ఉండలేక మా బేకరీకి వచ్చి కూర్చునేది. మొదటి రెండు రోజులు చేతులు ఆప్రాన్ జేబుల్లో కుక్కుకుని కూర్చుంది. మూడోరోజు, "ఏదైనా పనివ్వవే, ఈ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీడం లేదు," అంది. మర్నాటి రొట్టెలకు పిండి కలుపుతున్నాను. గిన్నె ఆమె వైపు తోశాను. ఆ వేసవంతా రోజూ సాయంత్రం వచ్చి పిండి పిసికింది. గొర్రెల్ని పట్టే చేతులు కదా, గట్టిగా పిసుకుతుందనుకున్నాను. కాదు, చెవులు నిమిరినట్టు పిసికేది. ఆ రెండు నెలలూ మా రొట్టె అంత మెత్తగా ముందెన్నడూ రాలేదు. బోసినోటి ముసలాళ్లు ముగ్గురు నన్ను పిలిచి మరీ మెచ్చుకున్నారు, నేను కాదనలేదు.

"వాడు నన్ను తిట్టుకుంటూ ఉంటాడు," అంది ఒకరోజు పిండిలోకి చూస్తూ.

"వాడు కుక్క వదినా. తిట్లు రావు."

"కనీసం అలుగుతాడు కదా."

"అలిగితే మంచిదే. గొర్రెలతో మాట కలుపుతాడు."

ఆగస్టులో వాడు గొర్రెపిల్ల చెవి కొరికాడు, ఆటకే. పెద్దమ్మ ఒక్క కుమ్ము కుమ్మితే తొట్టిలో పడ్డాడు. సెప్టెంబర్లో వర్షానికి ఆరు పిల్లల మధ్యలో దూరి పడుకున్నాడు. అక్టోబర్లో వాణ్ణి మందతో మేతకు వదిలారు. పెద్దమ్మ ఎక్కడుంటే అక్కడ ఉండేవాడు, మళ్లీ కుమ్ము తినడానికన్నట్టు. కానీ ఎర్సీలియా దగ్గరగా వెళితే ఇంకా చెవులు వెనక్కి పెట్టి, ఒళ్లంతా ఊపుతూ పరిగెత్తుకొచ్చేవాడు. ఆమె ముఖం తిప్పుకుని నడిచిపోయేది. అలా తిప్పుకున్న ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు, ఎందుకంటే తిప్పుకునేది నా వైపే. పండగకు మూడు వారాలు ఉంది. కోళ్లఫారం మాట ఎవరూ ఎత్తడంలేదు.

సెయింట్ మార్టిన్ పండగకు మా ఊళ్లో కొత్త వైన్ పీపాలు తెరుస్తారు, నా బట్టీలో చెస్ట్‌నట్లు కాలుస్తాను. ఆ రోజు పొద్దుణ్ణుంచీ సన్నగా తుంపర, కొండ మీద పొగమంచు. పాన్ఫిలో మామ మధ్యాహ్నానికే వచ్చాడు. ఆయన జీపు వెనక సీటులో అట్టపెట్టె కాదు, పెద్ద చెక్కపెట్టె ఉంది. ముగ్గురం అది చూశాం, చూడనట్టు ఉన్నాం.

మూడు గంటలకు నున్జియో మందను దించుకొచ్చాడు. గొర్రెలు ఒక్కొక్కటిగా గేటు దాటుతుంటే ఎర్సీలియా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. చివరిది లోపలికి వెళ్లింది. ఒక గొర్రె తక్కువ. కుక్క లేదు.

"నా వెనకే ఉన్నాడనుకున్నా," అన్నాడు నున్జియో. "పై గోడ దాటేదాకా ఉన్నాడు. తర్వాత పొగమంచు..."

పాన్ఫిలో మామ గ్లాసు కింద పెట్టాడు. "రోడ్డు వైపు పోయుంటాడు. మనిషి వాసన మరిగితే అంతే." ఆ మాటలో కోపం లేదు, జాలి ఉంది. అది ఇంకా నొప్పి పెట్టింది.

నేను నా పెరటి తలుపు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ ఉంటాడేమోనని భయం. ఉంటే ఆ పాపం నాదే, బిస్కెట్లవి. గుమ్మంలో పిల్లి తప్ప ఏమీ లేదు. బతికించావు తల్లీ అని ఆ పిల్లికే దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చాను. ఎర్సీలియా అప్పటికే కొండెక్కుతోంది. టోపీ కూడా పెట్టుకోలేదు. వెనక నున్జియో, ఆ వెనక కర్ర పట్టుకుని పాన్ఫిలో మామ, చివర ఒగర్చుకుంటూ నేను.

పై గోడ అంటే పాత పొలాలకు పేర్చిన రాతిగోడ, సగం కూలిపోయింది. అక్కడికి చేరేసరికి పొగమంచులోంచి గుర్రుమన్న శబ్దం వినిపించింది. కుక్కపిల్ల గొంతు కాదు, కడుపులోంచి వచ్చిన గొంతు. నున్జియో ఆగిపోయాడు. మంచు కొంచెం పక్కకు జరిగింది.

గోడ మూలలో పెద్దమ్మ పడుకుని ఉంది. దాని ముందు రెండు పిల్లలు, అప్పుడే పుట్టినవి, ఆవిర్లు కక్కుతూ. ఒకటి లేవబోయి పడుతోంది. మంద దిగుతుంటే పెద్దమ్మకు నొప్పులొచ్చి వెనకపడిపోయింది. మాకెవరికీ తెలీలేదు, వాడికి తెలిసింది. పెద్దమ్మకు వీపు ఆనించి, అడవి వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఒళ్లంతా తడిసి సగానికి సగమయ్యాడు. మా అడుగుల చప్పుడుకు తల మా వైపు తిప్పి పళ్లు చూపించాడు. తర్వాత మమ్మల్ని గుర్తుపట్టాడు.

"పిలువు," అన్నాడు పాన్ఫిలో మామ మెల్లగా.

ఎర్సీలియా ఆయన వైపు చూసింది.

"నువ్వే పిలవాలి. మనసారా పిలువు. మోసం వద్దు."

ఆమె వంగి రెండు చేతులూ చాపింది. "మీనో. రారా, నాన్నా. రా."

ఐదు నెలలుగా లోపల దాచుకున్నదంతా ఆ పిలుపులో ఉంది. నన్ను పిలిచినా వెళ్లేదాన్ని. వాడి తోక ఊగింది. చెవులు వెనక్కి పడ్డాయి. బయల్దేరాడు. పది అడుగులు వచ్చాడు, పదిహేను వచ్చాడు. నున్జియో నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ల గుర్తులు మర్నాటిదాకా ఉన్నాయి.

మాకూ పెద్దమ్మకూ సరిగ్గా మధ్యలో వాడు ఆగాడు. వెనక్కి తిరిగి పిల్లల్ని చూశాడు. మళ్లీ ఎర్సీలియాను చూశాడు, కాసేపు, కళ్లార్పకుండా. అప్పుడు వెనక్కి నడిచి వెళ్లి, పెద్దమ్మకు వీపు ఆనించి, అడవి వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇంకోసారి పిలువు," అన్నాడు పాన్ఫిలో మామ.

"వద్దు మామా." ఎర్సీలియా ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ దాచుకోవడంలేదు. "అసుంతా, చూశావా? సగం దారి వచ్చి చూసిపోయాడు. రెజీనా కూడా రోజూ అంతే చేసేది కదే. పదకొండేళ్లు రోజూ వచ్చి నాకు చెప్పిపోయేది. నాకే తెలీలేదు."

పాన్ఫిలో మామ టోపీ తీసి, నీళ్లు దులిపి మళ్లీ పెట్టుకున్నాడు. "నా చెక్కపెట్టె మీ కోళ్లకి వాడుకోండి," అన్నాడు. ఆ ముసలాయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదు.

గొర్రెపిల్లల్ని చెరొకటి ఎర్సీలియా, నున్జియో ఎత్తుకుని, పెద్దమ్మకు వాసన తగిలేలా కిందకి వంచి పట్టుకుని దిగారు. పెద్దమ్మ వాటి వెనకే నడిచింది. వాడు అందరికంటే వెనక, మధ్యమధ్యలో అడవి వైపు తిరిగి చూసుకుంటూ వచ్చాడు. ఎర్సీలియా పక్కకు ఒక్కసారి కూడా రాలేదు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆమె మెడ నరాలు ఎలా బిగుసుకున్నాయో వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

దొడ్డి దగ్గర ఆమె గేటు తెరిచి పట్టుకుని పక్కకు నిలబడింది. కుడి చెయ్యి ఊరికే కిందికి వేలాడుతోంది. పిల్లలు, పెద్దమ్మ లోపలికి వెళ్లాయి. చివర వాడు వచ్చాడు. ఆమెను దాటుతూ, ఆగకుండా, ఎవరూ పిలవకుండా, తడి ముక్కు తెచ్చి ఆ అరచేతికి ఒక్కసారి ఆనించి లోపలికి వెళ్లిపోయాడు. గొర్రెల మధ్య చోటు చేసుకుని పడుకున్నాడు.

ఆ సాయంత్రం మా బట్టీ ముందు అందరం కూర్చుని కొత్త వైన్ తాగాం. మొదటి చలికాలం ఇంకా గడవలేదు కాబట్టి వాడికి పేరు లేదనే చెప్పుకున్నాం, మూడూ ఎవరి మనసులో వాళ్లం దాచుకుని. నున్జియో గోడకున్న రెజీనా ముళ్ల పట్టీ దించి నూనె రాస్తూ, రంధ్రాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. నేను ఎర్సీలియాకు వేడివేడి చెస్ట్‌నట్లు పొట్లం కట్టి ఇచ్చాను. ఎడమ చేత్తో అందుకుంది. ఎడమ చేత్తోనే, పళ్లతో పెంకులు కొరుక్కుంటూ, కిందా మీదా పడి ఒలుచుకుంటోంది.

"కుడి చేతికేమైంది వదినా?" అన్నాను.

"ఏం కాలేదు," అంది. ఆ చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉంది. "ఇవాళ్టికి కడుక్కోను."